సర్కారు సొమ్ము, సంస్థల పద్దు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రభుత్వ రంగ సంస్థలకు ఇచ్చే నిధులు, ప్రైవేటు కంపెనీలతో వాటి పోటీ గురించి ప్రశ్నలు పంపమని పాఠకులను అడిగాం. వచ్చిన వాటిలో ఎక్కువమందికి పనికొచ్చేవి ఎంచి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: విశాఖ ఉక్కుకు కేంద్రం 11,440 కోట్లు ఇస్తున్నట్టు 2025 జనవరిలో ప్రకటించింది. అంత డబ్బు వచ్చినా ‘సంక్షోభం’ అన్న మాట ఎందుకు ఆగలేదు? ఆ సొమ్ము ఏమైనట్టు?
– ఒక ఉద్యోగి కుటుంబం, గాజువాక

జవాబు: ముందు ఆ అంకెను విడదీసి చూడాలి. 11,440 కోట్లలో 10,300 కోట్లు వాటా మూలధనం. అంటే యజమానిగా కేంద్రం కొత్తగా పెట్టిన పెట్టుబడి. మిగతా 1,140 కోట్లు కొత్త నగదు కాదు. 2024 సెప్టెంబరులో వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ నడక ఖర్చు) కోసం ఇచ్చిన అప్పునే ప్రిఫరెన్స్ షేర్లుగా మార్చారు. అప్పు తీర్చే భారం వెనక్కి జరిగింది కానీ, దాని వల్ల ఖజానాలోకి కొత్తగా రూపాయి రాలేదు.

ఇప్పుడు సంస్థ పద్దు చూడండి. 2024 మార్చి 31 నాటికి ఏడాదిలోగా చెల్లించాల్సిన బాకీలు సుమారు 26,115 కోట్లు. ఏడాదిలోగా నగదుగా మార్చుకోగల సరుకు, రావాల్సిన బకాయిలు వగైరా అన్నీ కలిపి సుమారు 7,686 కోట్లు. తేడా 18,400 కోట్ల పైచిలుకు. నికర విలువ, అంటే ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది, మైనస్ 4,538 కోట్లు. 2024 జూన్‌లో అప్పు వాయిదా, వడ్డీ కట్టలేక సంస్థ డిఫాల్ట్ అయింది. ఇంత లోటున్నచోట 10,300 కోట్లు పడితే అది ముందుగా బ్యాంకుల వాయిదాలకూ సరఫరాదారుల బాకీలకూ పోతుంది. ఫర్నేస్ (ఇనుము తీసే కొలిమి) దాకా చేరేది ఆ తర్వాత మిగిలినదే.

ఉక్కు కర్మాగారంలో డబ్బు ఆగితే ఏం జరుగుతుందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు జవాబు అక్కడే ఉంది. టన్ను ద్రవ ఇనుము తీయడానికి సుమారుగా ఒకటిన్నర టన్నుల పైన ఇనుప ఖనిజం, అర టన్ను దాకా కోక్ (బొగ్గును కాల్చి తయారుచేసే ఇంధనం) కావాలి. కోక్ చేయడానికి కావాల్సిన నాణ్యమైన బొగ్గు ఎక్కువగా ఓడల్లో విదేశాల నుంచి వస్తుంది. ఓడ కదలాలంటే బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ, అంటే అమ్మినవాడికి సొమ్ము అందుతుందన్న బ్యాంకు హామీ) ఇవ్వాలి. బ్యాంకు పరిమితి అయిపోతే ఎల్‌సీ రాదు. ఎల్‌సీ లేకపోతే బొగ్గు రాదు. బొగ్గు లేకపోతే బ్లాస్ట్ ఫర్నేస్ ఆపాలి. ఫర్నేస్ ఆగితే అమ్ముకోవడానికి ఉక్కు ఉండదు, బ్యాంకుకు కట్టడానికి డబ్బు ఉండదు. పోనీ, అన్నీ ఆపేసి ఖర్చు తగ్గించుకుందామా అంటే కోక్ ఓవెన్లను చల్లబరచడానికి లేదు. వాటి లోపలి సిలికా ఇటుకలు చల్లారితే బీటలు వారతాయి. ఉత్పత్తి ఉన్నా లేకపోయినా వాటిని వేడిగా ఉంచాల్సిందే, ఆ ఖర్చు భరించాల్సిందే.

స్థిర ఖర్చు లెక్క కూడా చూడండి. అర్థం కావడానికి ఒక ఊహా సంఖ్య తీసుకుందాం. వడ్డీ, జీతాలు, నిర్వహణ కలిపి ఏడాదికి 7,300 కోట్లు అనుకోండి. కర్మాగారం పూర్తి సామర్థ్యం 73 లక్షల టన్నులు. మూడు ఫర్నేసులూ నడిస్తే టన్నుకు పడే స్థిర భారం 10,000 రూపాయలు. ఒక్కటే నడిస్తే అదే భారం టన్నుకు 30,000 రూపాయలు అవుతుంది. పక్క ప్రైవేటు ప్లాంటు మేనేజరు ఎంత సమర్థుడన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. ఒక్క ఫర్నేస్‌తో నడిచే ప్లాంటు ఎవరి చేతిలో ఉన్నా మునిగిపోతుంది. అందుకే 2025లో మూడో ఫర్నేస్ మళ్లీ వెలిగించడం ప్యాకేజీలోని నగదంత ముఖ్యమైన విషయం.

ఇంకొకటి, సొంత గనులు. సెయిల్‌కూ టాటా స్టీల్‌కూ సొంత ఇనుప గనులున్నాయి. విశాఖకు లేవు, గనుల సంస్థ ఎన్‌ఎండీసీ దగ్గర ధర పెట్టి కొంటుంది. ఎన్‌ఎండీసీ కూడా కేంద్ర ప్రభుత్వ సంస్థే కనుక, విశాఖ నష్టంలో కొంత భాగం మరో ప్రభుత్వ సంస్థ పుస్తకాల్లో లాభంగా కనిపిస్తుంది. గనుల చట్టం 17ఎ సెక్షన్ కింద ప్రభుత్వ సంస్థకు వేలం లేకుండా గని కేటాయించే వీలుంది. గని ఇచ్చినంత మాత్రాన ఖనిజం ఉచితంగా రాదు, తవ్వకం ఖర్చు, రాయల్టీ ఉంటాయి. కానీ మార్కెట్ ధర ఎగబాకిన ఏడాది సొంత గని ఉన్నవాడు నిలబడతాడు, లేనివాడు పడిపోతాడు. వడ్డీ భారం, ఖనిజం ధర ఈ రెండూ మారకుండా ఇచ్చే మూలధనం కొంత వ్యవధి మాత్రమే ఇస్తుందని మా అభిప్రాయం. ఆ వ్యవధిలో ఈ రెండింటి సంగతి తేల్చాలి. కార్మికులు అడగాల్సిన గట్టి ప్రశ్న కూడా అదే.

ప్రశ్న: పల్లెల్లో కేబుల్ లాగి ఇంటర్నెట్ ఇచ్చే చిన్న వ్యాపారం నాది. బీఎస్ఎన్ఎల్‌కు మూడు లక్షల కోట్లకు పైగా ఇచ్చి నాలాంటివాళ్లతో పోటీకి దింపడం న్యాయమేనా? నేను ఏం చేయగలను?
– ఒక ఆపరేటరు, సూర్యాపేట జిల్లా

జవాబు: మీ ఆవేదన సబబే. అయితే మీరన్న సంఖ్య మొత్తం నగదు అనుకుంటే పొరపాటు. 2019 అక్టోబరులో సుమారు 69,000 కోట్లు, 2022 జులైలో 1.64 లక్షల కోట్లు, 2023 జూన్‌లో 89,047 కోట్లు. మూడూ కలిపితే 3.22 లక్షల కోట్లు. 2022 ప్యాకేజీనే తీసుకోండి. అందులో నగదు 43,964 కోట్లు, మిగతా 1.2 లక్షల కోట్లు నగదేతరం. అంటే 44,993 కోట్ల విలువ కట్టిన స్పెక్ట్రం (మొబైల్ సేవలకు వాడే రేడియో తరంగాలు) ఇచ్చి షేర్లు తీసుకోవడం, 33,404 కోట్ల ఏజీఆర్ బకాయిని (రాబడిలో వాటాగా ప్రభుత్వానికి కట్టాల్సిన సొమ్మును) షేర్లుగా మార్చడం, బాండ్లకు గ్యారంటీ ఇవ్వడం లాంటివి. నగదు కాదు కనుక ఖర్చే లేదనీ అనకూడదు. ఆ స్పెక్ట్రంను వేలం వేస్తే ప్రభుత్వానికి డబ్బు వచ్చేది. వదులుకున్న రాబడీ ఖర్చే.

ఆ ప్యాకేజీలో ఒక పద్దు మాత్రం ప్రత్యేకంగా చూడాలి. గ్రామాల్లో ల్యాండ్‌లైన్లు నడిపినందుకు 13,789 కోట్లు. అది ఏ సంవత్సరాలకో తెలుసా? 2014-15 నుంచి 2019-20 వరకు. ప్రైవేటు కంపెనీలు లాభం లేదని వదిలేసిన ఊళ్లలో ప్రభుత్వం చెప్పింది కనుక లైన్లు నడిపారు, దాని ధర 2022లో మంజూరైంది. ఇది సాయం కాదు, ఆర్డరు వేసి చేయించుకున్న పనికి బిల్లు. ఆరేడేళ్లు బిల్లు ఆగితే ఏ కాంట్రాక్టరయినా అప్పుల పాలవుతాడు. 2010లో జరిగింది కూడా గుర్తు చేయాలి. 3జీ, బ్రాడ్‌బ్యాండ్ స్పెక్ట్రం వేలంలో బీఎస్ఎన్ఎల్ పాడలేదు. అయినా ప్రైవేటు కంపెనీలు పోటీపడి పెంచిన ధరే కట్టమన్నారు. సుమారు 18,500 కోట్లు సంస్థ నిల్వల్లోంచి పోయాయి. ఎక్కడ కావాలో, ఎంతకు కావాలో తేల్చుకునే స్వేచ్ఛ లేకుండా ధర మాత్రం కట్టించుకోవడం పోటీ కాదు.

ఆపైన 4జీ. ప్రైవేటులో 4జీ 2012లోనే మొదలైంది, 2016 సెప్టెంబరులో జియో వచ్చాక మార్కెట్టే మారిపోయింది. బీఎస్ఎన్ఎల్‌కు స్పెక్ట్రం ఇవ్వాలన్న నిర్ణయం 2019లో వచ్చింది. 2020లో పరికరాల టెండరు రద్దయింది, దేశీయ పరికరాలే వాడాలన్న షరతు వచ్చింది. టీసీఎస్, తేజస్, సీ-డాట్ కలిసి ఆ పరిజ్ఞానాన్ని తయారు చేశాయి, దేశవ్యాప్త ప్రారంభం 2025 సెప్టెంబరు 27న జరిగింది. సొంత టెలికాం పరిజ్ఞానం దేశానికి కావాలి, అందులో మాకు సందేహం లేదు. కానీ అది దేశం తీసుకున్న నిర్ణయం. నేర్చుకునే కాలంలో పోయిన ఖాతాదారుల నష్టాన్ని ఒక్క కంపెనీ పద్దులో రాసి, తర్వాత ఆ కంపెనీని చేతకానిదనడం సరికాదు. ఆ ఖర్చును పరిశోధన పద్దు కింద విడిగా చూపి ఇచ్చి ఉంటే లెక్క స్పష్టంగా ఉండేది.

ఇప్పుడు మీ పక్షాన. 2020 అక్టోబరులో కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు బీఎస్ఎన్ఎల్, ఎంటీఎన్ఎల్ సేవలే వాడాలని ఆదేశం వచ్చింది. బడ్జెట్‌లో ఎక్కడా కనిపించని ఇలాంటి సాయమే మీలాంటివాళ్లను ఎక్కువ దెబ్బతీస్తుంది. మూలధనం ఇస్తే కనీసం అంకె తెలుస్తుంది, ఇక్కడ అదీ తెలియదు. లాభాల మాట వచ్చినప్పుడు కూడా జాగ్రత్తగా చదవాలి. 2024-25 మూడో త్రైమాసికంలో సంస్థ 262 కోట్ల లాభం చూపింది, 2007 తర్వాత అదే మొదటిది. ఏడాది మొత్తానికి చూస్తే 2,247 కోట్ల నష్టమే. షేర్ల రూపంలో వచ్చిన స్పెక్ట్రం మీద సంస్థకు వడ్డీ ఉండదు, వాయిదాల్లో కొనుక్కున్న ప్రైవేటు కంపెనీకి ఉంటుంది. రెండింటి లాభాలను పక్కపక్కన పెట్టేటప్పుడు ఈ తేడా తీసేసి చూడాలి.

ప్రభుత్వ సాయం ప్రభుత్వ సంస్థలకే అనుకోవద్దు. వొడాఫోన్ ఐడియా కట్టాల్సిన బాకీల్లో 2023లో 16,133 కోట్లు, 2025లో 36,950 కోట్లు షేర్లుగా మార్చుకోవడంతో ఆ కంపెనీలో కేంద్రం వాటా దాదాపు 49 శాతానికి చేరింది.

మీరు చేయగలిగింది: ధర తక్కువ పెడుతున్నారని కేసు వేయాలన్న ఆలోచన మానుకోండి. పోటీ చట్టం కింద నష్టానికి అమ్మడం తప్పవ్వాలంటే అమ్మేవాడికి ఆ మార్కెట్లో ఆధిపత్యం ఉండాలి. మొబైల్ ఖాతాదారుల్లో బీఎస్ఎన్ఎల్ వాటా పదో వంతు కూడా లేదు. మీకు పనికొచ్చేది భారత్‌నెట్. ప్రజాధనంతో పంచాయతీల దాకా వేసిన ఆ ఫైబర్‌ను ఏ ఆపరేటరుకైనా వివక్ష లేకుండా అద్దెకివ్వాలన్నది ఆ పథకం నియమం. మన రెండు రాష్ట్రాల్లో రెండో దశ పనిని రాష్ట్ర సంస్థలే చేపట్టాయి కనుక అక్కడే రాతపూర్వకంగా దరఖాస్తు చేయండి. ఏ పంచాయతీ నుంచి ఏ పంచాయతీకి, ఎన్ని జతల ఫైబరు, ఎంత కాలానికి కావాలో రాయండి. ఊరికే ‘కనెక్షన్ కావాలి’ అని రాస్తే దరఖాస్తు కదలదు. జవాబు రాకపోయినా, వేరే ఆపరేటరుకు ఇచ్చిన అద్దె కంటే ఎక్కువ అడిగినా, ఆ కాగితమే మీ చేతిలో ఆధారం.

ప్రశ్న: గ్రూప్-1కు చదువుతున్నాను. ఈక్విటీ, అప్పు, గ్యారంటీ, గ్రాంటు, రీక్యాపిటలైజేషన్ బాండ్లు అన్నీ ప్రభుత్వ సాయమే కదా, లోటు లెక్కలో తేడా ఎందుకు?
– ఒక అభ్యర్థి, తిరుపతి

జవాబు: గ్రాంటు ఇస్తే తిరిగి రాదు, అది సాధారణంగా రెవెన్యూ ఖర్చు. రెవెన్యూ లోటు (రెవెన్యూ రాబడికి మించిన రెవెన్యూ ఖర్చు), ద్రవ్యలోటు (అప్పులు కాక వచ్చే మొత్తం రాబడికి మించిన మొత్తం ఖర్చు) రెండూ పెరుగుతాయి. ఈక్విటీ, అప్పు మూలధన వ్యయం. ద్రవ్యలోటు పెరుగుతుంది, రెవెన్యూ లోటు పెరగదు. పరీక్షల్లో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నష్టాల్లో ఉన్న కంపెనీకి జీతాల కోసం ఇచ్చినా సరే, ఈక్విటీ రూపంలో ఇస్తే అది మూలధన వ్యయంగానే నమోదవుతుంది. అందుకే మూలధన వ్యయం బాగా పెరిగిందని చదివినప్పుడు అందులో రోడ్లెంత, కంపెనీలకు పోసిందెంత అని విడదీసి చూడాలి.

గ్యారంటీ ఇచ్చిన రోజు లోటులో ఏమీ కనిపించదు. బాకీ వచ్చి మీద పడిన రోజే కనిపిస్తుంది. ఎయిరిండియా దీనికి మంచి ఉదాహరణ. 2012 నాటి పునరుద్ధరణ ప్రణాళికలో 2021 వరకు 30,231 కోట్ల ఈక్విటీ ఇస్తామన్నారు. అయినా 2021 ఆగస్టు చివరికి అప్పు 61,562 కోట్లకు చేరింది. టాటాలు 15,300 కోట్ల అప్పు తీసుకుని 2,700 కోట్ల నగదు ఇచ్చారు. మిగిలిన 46,262 కోట్ల అప్పు ఒక ప్రత్యేక ప్రభుత్వ కంపెనీకి బదిలీ అయింది. 2021-22 సవరించిన అంచనాల్లో ఎయిరిండియా గ్యారంటీ బాకీలు తీర్చడానికి 51,971 కోట్లు చూపించారు. అన్నేళ్లు కనబడని ఖర్చు ఒక్క ఏడాదిలో మీద పడింది.

బ్యాంకులకు మూలధనం సమకూర్చే రీక్యాపిటలైజేషన్ బాండ్ల సంగతి వేరు. 2017 అక్టోబరులో ప్రకటించిన 2.11 లక్షల కోట్లలో 1.35 లక్షల కోట్లు ఈ బాండ్లే. బ్యాంకు తన దగ్గరున్న డిపాజిట్ల సొమ్ముతో ప్రభుత్వ బాండు కొంటుంది, ప్రభుత్వం అదే సొమ్మును ఆ బ్యాంకులో ఈక్విటీగా పెడుతుంది. నికరంగా నగదు కదలదు. అందువల్ల మన పద్ధతిలో బాండు అసలు మొత్తం ద్రవ్యలోటులోకి రాదు. అప్పు మాత్రం పెరుగుతుంది, ఏటా వడ్డీ రెవెన్యూ ఖర్చులో పడుతుంది. ఆ మూలధనంతో మొండి బాకీలను కేటాయింపుల ద్వారా పద్దుల్లో శుభ్రం చేసుకున్నాక 2023-24లో ప్రభుత్వ బ్యాంకుల ఉమ్మడి లాభం 1.41 లక్షల కోట్లు. బ్యాంకులు నిలబడటానికి మూలధనం ఒక్కటే కారణం కాదు, మొండి బాకీలను దాచకుండా చూపించమని రిజర్వు బ్యాంకు పట్టుబట్టడం, దివాలా చట్టం కూడా కారణాలే. జవాబులో ఈ మూడూ కలిపి రాయండి.

ప్రశ్న: ఆడవాళ్లకు ఉచిత బస్సు పెట్టాక బస్సులన్నీ నిండుగా వెళ్తున్నాయి. మరి ఆర్టీసీకి నష్టమంటారేమిటి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి మొదలయ్యాయి. కండక్టరు మీకు ఇచ్చే జీరో టికెట్టు ఉత్తి కాగితం కాదు, అది ఆర్టీసీ ప్రభుత్వానికి పంపే బిల్లుకు ఆధారం. అందుకే ‘ఎలాగూ ఉచితమే కదా’ అని టికెట్టు తీసుకోకుండా దిగిపోవద్దు. మీరు తీసుకోని టికెట్టు ఆర్టీసీకి రాని డబ్బు.

ఒక ట్రిప్పు ఊహించుకోండి. ఇదివరకు 30 మంది, తలా 40 రూపాయలు, చేతికి 1,200. ఇప్పుడు 60 మంది, అందులో 40 జీరో టికెట్లు. సాయంత్రం డిపోలో కట్టే నగదు 800. ప్రభుత్వానికి వేసే బిల్లు 1,600. బిల్లు వెంటనే వస్తే ట్రిప్పు రాబడి 2,400, సంస్థకు మేలే. మూడు నెలలు ఆగితే రేపటి డీజిల్ 800లోంచే కొనాలి. అప్పుడు ఓఆర్ (సీట్లు నిండే శాతం) పెరుగుతుంది, చేతిలో డబ్బు తగ్గుతుంది. ఇలా నగదుకు ఇబ్బంది వచ్చిన సంస్థల్లో ముందు ఆగేవి ఉద్యోగుల పీఎఫ్ జమలు, సహకార పరపతి సంఘానికి కట్టాల్సిన సొమ్ము. ఆ తర్వాత టైర్లు, విడిభాగాలు. చివరికి బస్సు దారిలో ఆగిపోతుంది.

ఇలాంటి రాయితీ బిల్లుల మీద కరెంటు విషయంలో చట్టం గట్టిగా ఉంది. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం ఎవరికైనా రాయితీ ఇవ్వదలిస్తే ఆ సొమ్ము ముందుగానే చెల్లించాలి. చెల్లించకపోతే ఆ రాయితీ ఆదేశం చెల్లదు, విద్యుత్ నియంత్రణ కమిషన్ నిర్ణయించిన ధరే వర్తిస్తుంది. అమలు ఎక్కడా పూర్తిగా లేకపోయినా ఆ సూత్రం మంచిది, బస్సులకూ అలాంటిది ఉండాలి. మీ ప్రజాప్రతినిధిని అడగాల్సినవి: ఈ నెల జీరో టికెట్ల విలువ ఎంత, అందులో ఎంత విడుదలైంది, ఎన్ని రోజుల ఆలస్యంతో, కొత్త బస్సులు ఎన్ని. ‘ఆర్టీసీకి బడ్జెట్‌లో ఇంత కేటాయించాం’ అన్నది దీనికి జవాబు కాదు. కేటాయింపు వేరు, విడుదల వేరు.

ప్రశ్న: 2008లో రిలయన్స్ పెట్రోలు బంకులు ఎందుకు మూతపడ్డాయి?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: అప్పట్లో ముడి చమురు ధర పెరిగినా బంకు ధర పెంచనివ్వలేదు. ఆ నష్టానికి బదులుగా ప్రభుత్వ చమురు కంపెనీలకు కేంద్రం ఆయిల్ బాండ్లు ఇచ్చింది, ప్రైవేటుకు ఇవ్వలేదు. పక్క బంకులో నష్టానికి అమ్ముతుంటే ప్రైవేటు బంకుకు లారీ ఎందుకు వస్తుంది? సాయం పోటీని చంపడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మన దేశంలో కనిపించదు. అటు ప్రభుత్వ కంపెనీలకూ మేలు జరగలేదు. చేతికి వచ్చింది నగదు కాదు, బాండు. 2010లో పెట్రోలు, 2014 అక్టోబరులో డీజిల్ ధరల నియంత్రణ ఎత్తేశాక ప్రైవేటు బంకులు మళ్లీ తెరుచుకున్నాయి. వంటగ్యాస్‌లో మాత్రం పాత పద్ధతే నడుస్తోంది: మూడు ప్రభుత్వ కంపెనీలకు 2022లో 22,000 కోట్లు, 2025లో 30,000 కోట్లు పరిహారంగా మంజూరయ్యాయి.

ప్రశ్న: నష్టాల సంస్థలకు ఇవ్వడమే కాదు, లాభాల సంస్థల నుంచి కేంద్రం పిండుకుంటోంది కూడా కదా?
– ఒక రిటైర్డ్ ఇంజినీరు, రామగుండం

జవాబు: అవును, ఆ వైపూ చెప్పుకోవాలి. 2024 నవంబరులో సవరించిన నిబంధన ప్రకారం కేంద్ర ప్రభుత్వ సంస్థ పన్ను పోగా మిగిలిన లాభంలో 30 శాతం, లేదా నికర విలువలో 4 శాతం, రెండింటిలో ఏది ఎక్కువైతే అంత కనీస డివిడెండు ఇవ్వాలి. ఇబ్బంది రెండో షరతుతో వస్తుంది. ఆస్తులు ఎక్కువ, ఆ ఏడాది లాభం తక్కువ అయిన సంస్థ లాభంలో పెద్ద భాగం ఇచ్చేయాల్సి వస్తుంది, యంత్రాల మార్పిడి వాయిదా పడుతుంది. 2018 జనవరిలో హెచ్‌పీసీఎల్‌లో కేంద్రం వాటా 51.11 శాతాన్ని ఓఎన్‌జీసీ 36,915 కోట్లకు కొంది, కొంత అప్పు తెచ్చి మరీ. కేంద్రం ఖాతాలో పెట్టుబడుల ఉపసంహరణ రాబడి పెరిగింది, కొత్త బావులు తవ్వాల్సిన సంస్థ పద్దులో అప్పు పెరిగింది. బీఎస్ఎన్ఎల్ కట్టిన 18,500 కోట్లు కూడా ఇలాంటిదే. బాగున్న రోజుల్లో నిల్వలు తీసుకుని, కష్టం వచ్చినప్పుడు ప్యాకేజీ ఇచ్చి, ఆ ప్యాకేజీని మాత్రమే లెక్కలో చూపడాన్ని మేము ఒప్పుకోం. సంస్థకు ఇచ్చిందీ, సంస్థ నుంచి తీసుకుందీ ఒకే పట్టికలో ఉండాలి.

ప్రశ్న: మా చిన్న పరిశ్రమకు బొగ్గు అమ్మే ప్రభుత్వ కంపెనీ ఏకపక్ష షరతులు పెడుతోంది, బిల్లులో రాసిన గ్రేడు ఒకటి, వచ్చే బొగ్గు ఒకటి. ప్రభుత్వ కంపెనీ మీద కాంపిటీషన్ కమిషన్‌కు వెళ్లవచ్చా?
– ఒక యజమాని, మంచిర్యాల

జవాబు: వెళ్లవచ్చు. 2023 జూన్ 15న కోల్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, ప్రభుత్వ సంస్థ అయినంత మాత్రాన పోటీ చట్టం నుంచి మినహాయింపు లేదని. చట్టం పరిధిలోకి రానివి ప్రభుత్వ సార్వభౌమ విధులు, అణుశక్తి, కరెన్సీ, రక్షణ, అంతరిక్ష రంగాల్లో కేంద్రం చేసే పనులు మాత్రమే. ఆ కేసుకు మూలం మీ ఫిర్యాదులాంటిదే: ఏకపక్ష ఇంధన సరఫరా ఒప్పందాలు, నాణ్యత పరీక్షలో కొనుగోలుదారుకు మాట లేకపోవడం. ఫిర్యాదుదారుల్లో ఒక రాష్ట్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థ కూడా ఉంది. కమిషన్ 2013లో 1,773 కోట్ల జరిమానా వేసింది, మళ్లీ విచారించి 2017లో 591 కోట్లుగా తేల్చింది.

ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోండి. ‘ప్రభుత్వం దానికి డబ్బిస్తోంది, అది అన్యాయం’ అని రాస్తే ఆ ఫిర్యాదు నిలబడదు. యూరోపియన్ యూనియన్‌లో ప్రభుత్వ సాయం పోటీని వక్రీకరిస్తే ఆపే అధికారం 107వ అధికరణం కింద ఉంది. అక్కడ వేసే ప్రశ్న ఒకటే: ప్రైవేటు పెట్టుబడిదారుడైతే ఇవే షరతులతో ఈ డబ్బు పెట్టేవాడా? మనకు అలాంటి చట్టం లేదు. ఉండాలని మేము గట్టిగా అనుకుంటున్నాం. ప్రస్తుతానికి మీ కేసు 4వ సెక్షన్ కింద, ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేయడం మీద నడవాలి.

కాబట్టి ముందు మార్కెట్టును నిర్వచించండి: ఏ రకం బొగ్గు, ఏ ప్రాంతం, మీకు వేరే చోట నుంచి తెచ్చుకునే దారి ఎందుకు లేదు, రవాణా కలిపితే ధర ఎంత తేడా. ఆ తర్వాత ఒప్పందంలో అభ్యంతరకరమైన క్లాజులను సంఖ్యలతో ఎత్తి రాయండి. గ్రేడు గొడవకు ప్రతి లోడుకూ మూడు కాగితాలు జతచేయాలి: బిల్లు, తూకం చీటీ, గుర్తింపు పొందిన ల్యాబ్ రిపోర్టు. శాంపిల్ తీసేటప్పుడు వారి ప్రతినిధిని పిలుస్తూ ముందుగా ఉత్తరం పంపండి, వాళ్లు రాకపోతే రాలేదని రికార్డు చేయండి. ఎక్కువ ఫిర్యాదులు పడిపోయేది ఇక్కడే. లారీ దించేశాక వారం రోజులకు కుప్పలోంచి తీసిన శాంపిల్‌ను ఎవరూ నమ్మరు, మధ్యలో వానకు తడిసి తేమ శాతమూ మారిపోతుంది.

ఫిర్యాదును చట్టం భాషలో ‘ఇన్ఫర్మేషన్’ అంటారు, 19వ సెక్షన్ కింద నిర్ణీత రుసుముతో వేయాలి. వివాదం పుట్టిన మూడేళ్లలోపు వేయాలని 2023 సవరణ చెబుతోంది. ప్రాథమిక ఆధారం ఉందని కమిషన్ అనుకుంటే డైరెక్టర్ జనరల్ విచారణకు పంపుతుంది, లేకపోతే మూసేస్తుంది. మూసేస్తే 60 రోజుల్లో ఎన్‌సీఎల్ఏటీకి (జాతీయ కంపెనీ లా అప్పీలు ట్రిబ్యునల్‌కు) అప్పీలు చేసుకోవచ్చు.

వేయడానికి ముందు సమాచార హక్కు చట్టం వాడుకోండి. ప్రైవేటు కంపెనీ మీద లేని ఆ అస్త్రం ప్రభుత్వ కంపెనీ మీద మీకుంది. కేంద్ర సంస్థ అయితే రుసుము 10 రూపాయలు, జవాబు 30 రోజుల్లో రావాలి. ‘మీ ధరల విధానం తెలపండి’ అని అడిగితే వాణిజ్య రహస్యమంటూ 8(1)(డి) కింద తిప్పి పంపుతారు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫలానా సైడింగ్‌లో (బొగ్గు లోడు చేసే రైలు పట్టాల దగ్గర) తీసిన శాంపిళ్ల రిజిస్టరు నకలు, గ్రేడు తగ్గినట్టు తేలిన లోడ్ల సంఖ్య, వాటికి ఇచ్చిన క్రెడిట్ నోట్ల నకళ్లు అని అడగండి. ఆ రిజిస్టరు నకలే మీ ఫిర్యాదుకు మొదటి అనుబంధం అవుతుంది. ఇవ్వకపోతే 30 రోజుల్లో అదే సంస్థలోని అప్పీలు అధికారికి రాయండి. తిరస్కరణ ఉత్తరం వచ్చినా పారేయకండి, దాన్నీ ఫిర్యాదుకు జతచేయండి.